కోర్టు ఆర్డరు ఉన్నా మనోవర్తి ఆపేశాడు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది గుంటూరు జిల్లా. పెళ్లయి తొమ్మిదేళ్లు, బాబుకి ఏడేళ్లు. మా ఆయన తాగొచ్చి కొడుతుంటే తట్టుకోలేక పుట్టింటికి వచ్చేశాను. మనోవర్తి కేసు వేస్తే కోర్టు నాకు 7,000, బాబుకి 5,000, మొత్తం నెలకి 12,000 ఇవ్వమని ఆర్డరిచ్చింది. ఆయన హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలో చేస్తాడు. మొదట్లో కొన్నాళ్లు అకౌంట్లో వేశాడు, తర్వాత ఆపేశాడు. ఇప్పటికి 14 నెలలు. అడిగితే ఉద్యోగం పోయిందంటాడు. "కావాలంటే వచ్చి నాతో ఉండు, తిండి పెడతా, డబ్బులు మాత్రం ఇవ్వను" అని వాట్సాప్‌లో పెట్టాడు. నేను బట్టల షాపులో 9,000 జీతానికి చేరాను, ఆ సంగతి బయటపడితే ఉన్న మనోవర్తి కూడా కొట్టేస్తారేమోనని టెన్షన్. ఊళ్లో ఆయన పేరు మీదున్న స్థలాన్ని వాళ్ల అన్న పేరుకి మార్చేస్తున్నాడని విన్నాను. మా లాయరు గారేమో "చూద్దాం, ముందు పెద్దమనుషుల్లో మాట్లాడదాం" అంటున్నారు. ఆయన్ని జైల్లో పెట్టించొచ్చా? డబ్బులివ్వనప్పుడు బాబుని చూపించకుండా ఉండొచ్చా?

జవాబు: అమ్మా, జైలు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ 14 నెలల మాట. బకాయి వసూలుకి కోర్టు వారెంటు ఇవ్వాలంటే, ఏ నెల డబ్బు ఏ తేదీకి ఇవ్వాల్సి ఉందో ఆ తేదీ నుంచి ఏడాది లోపు మీరు దరఖాస్తు పెట్టి ఉండాలి. ఇది ఎవరో చెప్పిన మాట కాదు, చట్టంలోనే ఉంది. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 125వ సెక్షను కింద ఉండేది, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144వ సెక్షను కింద ఉంది. నంబరు మారింది గానీ షరతు మారలేదు, పాత చట్టం కింద వచ్చిన ఆర్డర్లూ చెల్లుతాయి. అంటే మీ 14 నెలల్లో మొదటి రెండు నెలల డబ్బు, 24,000 రూపాయలు, ఈ వారెంటు దారిలో ఇప్పటికే చేయి దాటిపోయింది. ఇంకో నెల "చూద్దాం" అంటే ఇంకో 12,000 పోతుంది. పెద్దమనుషుల పేరు చెప్పి ఆరు నెలలు నానబెడితే 72,000. మీ ఆయనకి ఈ లెక్క తెలుసో తెలియదో గానీ ఆయన లాయరుకి మాత్రం తెలిసే ఉంటుంది.

ఆ 24,000 పూర్తిగా పోయినట్టేనా అంటే, కాదు. తమిళనాడు నుంచి వెళ్లిన ఒక కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, ఏడాది గడువు వారెంటు అడగడానికే గానీ డబ్బు మీద మీ హక్కు దానివల్ల చచ్చిపోదని. పాత బకాయిని సివిల్ దారిలో రాబట్టుకోవచ్చు, కాకపోతే ఆ దారి నెమ్మది. అందుకే ముందు ఈ వారంలోనే, పెద్దమనుషులు మాట్లాడినా మాట్లాడకపోయినా, వసూలు పిటిషన్ పడాలి. ఒకసారి పడ్డాక, అది నడుస్తుండగా పేరుకునే నెలల బకాయి కూడా అందులోనే అడగొచ్చని సుప్రీంకోర్టు తీర్పు ఉంది, కాబట్టి ప్రతి నెలా కొత్త పిటిషన్ వేసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

పిటిషన్‌కి మీ దగ్గర ఉండాల్సినవి పెద్దగా ఏం లేవు. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ (ఆర్డరు కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది), బ్యాంకు స్టేట్‌మెంటు, బకాయి లెక్క. ఈ లెక్క కాగితం మీద మీరే రాయండి, లాయరు గుమాస్తాకి వదిలేయకండి. నెల పేరు, రావాల్సింది, వచ్చింది, ఏ తేదీన వచ్చింది, మిగిలింది, ఇలా వరసగా. పాస్‌బుక్కులో ఆయన వేసిన ప్రతి ఎంట్రీ కింద పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఆర్డరు ఆఖరి పేజీలో ఇంకో మాట ఉంటుంది చూడండి, డబ్బు "పిటిషన్ వేసిన తేదీ నుంచి" ఇవ్వాలా "ఆర్డరు తేదీ నుంచి" ఇవ్వాలా అని. చాలామంది అది చదవరు. పిటిషన్ తేదీ నుంచి అని ఉంటే కేసు నడిచిన కాలానికి కూడా మీకు డబ్బు రావాలి, ఆయన అది కట్టాడో లేదో మీరు రాయలేదు, కట్టకపోతే దాన్ని కూడా లెక్కలో చూపించి, వారెంటు దారిలో అడగాలా సివిల్ దారిలోనా అన్నది లాయరుతో తేల్చుకోండి.

ఎక్కడ వేయాలి? ఆర్డరిచ్చిన కోర్టులోనే వేయొచ్చు, లేదా ఆయన ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు దగ్గరా అమలు చేయించుకోవచ్చు, పాత 128వ సెక్షను, ఇప్పుడు 147. మీరు షాపు మానుకుని హైదరాబాదు తిరగలేరు కాబట్టి మీ కోర్టులోనే వేయండి. ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది, ముందే చెప్పేస్తున్నా. నోటీసు వెళ్తుంది, వారెంటు వెళ్తుంది, "తలుపు తాళం వేసి ఉంది, ఇరుగుపొరుగుని విచారించగా ఆచూకీ తెలియలేదు" అని తిరిగొస్తుంది. ఇలా రెండు మూడు వాయిదాలు పోతాయి. దీనికి విరుగుడు ఏమిటంటే పిటిషన్‌లోనే ఆయన ఇప్పటి ఇంటి అడ్రసు, ఆఫీసు అడ్రసు, ఫోన్ నంబర్లు, ఈ మధ్య దిగిన ఫొటో, ఏ పోలీసు స్టేషను పరిధిలోకి వస్తాడో అన్నీ ఇవ్వడం, ప్రతి వాయిదాకి ముందు వారెంటు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడం. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసు సీఎన్ఆర్ నంబరు, పదహారు అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటుంది, అది కొడితే వాయిదా తేదీ మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది, లాయరు గారు చెప్పేదాకా ఆగక్కర్లేదు.

ఇప్పుడు జైలు. పెట్టొచ్చు. వారెంటు వేసినా డబ్బు రాకపోతే, బకాయి పడ్డ ఒక్కో నెలకి నెల రోజుల దాకా, లేదా డబ్బు కట్టే దాకా, ఏది ముందైతే అది. చాలా నెలల బకాయికి అన్నీ కలిపి ఒకేసారి ఎన్నాళ్లు వేయొచ్చు అన్నదాంట్లో కోర్టుల మధ్య తేడాలున్నాయి, దాని జోలికి పోను. జైలుకెళ్లొస్తే అప్పు తీరిపోయినట్టు అని చాలామంది మగవాళ్లు అనుకుంటారు, ఊళ్లలో అలా చెప్పేవాళ్లూ ఉన్నారు. తప్పు. జైలు అనేది కట్టించడానికి ఒక పద్ధతి మాత్రమే, కూర్చొని వచ్చినంత మాత్రాన ఒక్క రూపాయి కూడా తగ్గదని సుప్రీంకోర్టు 1980ల చివర్లోనే తేల్చేసింది. అయినా సరే, నా అభిప్రాయం అడిగితే, మీ లక్ష్యం జైలు కాకూడదు. ఆయన లోపల ఉన్న నెల జీతం కూడా రాదు కదా. అరెస్టు వారెంటు కదిలిందని తెలిసిన రోజే చాలామంది ఎక్కడో అక్కడ తెచ్చి కడతారు, దాని పని అంతవరకే.

మీకు నికరంగా నెలనెలా డబ్బు రావాలంటే ఆయన చేతిలో పడకముందే జీతంలోంచి కోయించాలి. దీనికి రెండు దార్లు. మనోవర్తి ఆర్డరుని, అది ఏ చట్టం కింద వచ్చినా సరే, సివిల్ కోర్టు డబ్బు డిక్రీలాగా (డబ్బు కట్టమనే తీర్పులాగా) అమలు చేయించుకోవచ్చని 2020 నవంబరు 4న రజనేష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేసి జీతం జప్తు అడగొచ్చు. మామూలు అప్పుల కేసుల్లో జీతం జప్తుకి చాలా పరిమితులుంటాయి గానీ మనోవర్తి డిక్రీకి మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను జీతంలో మూడో వంతే ఆయనకి కాపాడుతుంది, మిగతా రెండొంతుల దాకా జప్తు చేయొచ్చు. రెండో దారి గృహహింస చట్టం. మీరు డీవీసీ (గృహహింస కేసు) వేశారో లేదో రాయలేదు. ఆ చట్టం 20వ సెక్షను ఆరో సబ్‌సెక్షను కింద మేజిస్ట్రేటు నేరుగా కంపెనీకే ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఇతని జీతంలోంచి ఇంత తీసి ఆమెకి పంపండి లేదా కోర్టులో కట్టండి అని. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లకి కోర్టు కాగితం చేరాక ఈయన "మర్చిపోయాను" అనడానికి వీలుండదు. కొడుతున్నాడనే మీరు బయటికొచ్చారు కాబట్టి ఆ కేసు వేయడం గురించి కూడా లాయరుతో మాట్లాడండి. రెండు కేసుల్లో రెండు రకాలుగా వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, ఒక దాంట్లో ఇచ్చింది ఇంకో దాంట్లో సర్దుతారు, ముందు వచ్చిన ఆర్డరు సంగతి కొత్త కేసులో మీరు తప్పనిసరిగా చెప్పాలి.

ఉద్యోగం పోయిందట. నిజమే అయ్యుండొచ్చు, హైదరాబాదులో ఉద్యోగాలు పోతూనే ఉన్నాయి. కానీ ఉద్యోగం పోతే ఆయన చేయాల్సిన పని కోర్టుకెళ్లి, పరిస్థితి మారింది, మొత్తం తగ్గించండి అని 146వ సెక్షను కింద (పాత 127) పిటిషన్ వేసుకోవడం. కోర్టు తగ్గించేదాకా 12,000 అంటే 12,000 రూపాయలే. తనంతట తాను ఆపేసుకునే హక్కు ఎవరూ ఇవ్వలేదు. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి పని చేసైనా పెళ్లాం పిల్లల్ని పోషించాల్సిందేనని 2022లో కూడా సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నిజంగా పోయిందో లేదో తెలుసుకోవాలంటే ఆయన లింక్డ్ఇన్ ప్రొఫైల్ చూడండి, నవ్వకండి, కోర్టులో నిరుద్యోగిని అని అఫిడవిట్ వేసి అక్కడ కొత్త కంపెనీ పేరు పెట్టుకుని అభినందనలు అందుకునేవాళ్లు ఉంటారు. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫోన్‌లోంచి తీసిన సాక్ష్యానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి, కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షను, లాయరుకి తెలుసు. దీంతో పాటు, ఆయన ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయించమనీ, కంపెనీ నుంచి జీతం వివరాలు తెప్పించమనీ కోర్టుని అడగండి.

మీ 9,000 గురించి. దాచొద్దు. మీరు కూడా అఫిడవిట్ వేయాల్సి వస్తుంది, అందులో లేని షాపు జీతం రేపు అవతలి లాయరు బయటపెడితే మిగతావన్నీ అబద్ధాల్లా కనిపిస్తాయి. ఆడమనిషి ఎంతో కొంత సంపాదిస్తోంది కాబట్టి మనోవర్తి రాదు అనే వాదనని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు కొట్టేసింది. 9,000తో అద్దె, బాబు బడి ఫీజు, మందులు వెళ్తాయా అన్నది అక్కడ ప్రశ్న. మహా అయితే మీ 7,000లో కొంత తగ్గించమని ఆయన అడగొచ్చు, బాబు 5,000కి మీ జీతంతో పెద్ద సంబంధం లేదు. పైగా బాబు పెరిగాడు, ఫీజులు పెరిగాయి, అదే 146 కింద పెంచమని మీరూ అడగొచ్చు. ఆయన తగ్గించమని వేసేలోపు మీరు పెంచమని వేయడం మంచి ఎత్తు, కానీ వసూలు పిటిషన్ తర్వాతే.

"వచ్చి నాతో ఉండు, తిండి పెడతా" అన్న మెసేజ్ ఆయన సొంత బుర్రలోంచి వచ్చింది కాకపోవచ్చు. భార్య తనతో వచ్చి ఉండే షరతు మీద పోషిస్తానని భర్త అంటే, ఆమె ఎందుకు రానంటోందో కోర్టు విచారించాలని మొదట చెప్పిన 144వ సెక్షన్లోనే ఉంది, దాన్ని పట్టుకుని ఎవరో నేర్పారు. తగిన కారణం ఉంటే ఆయన ఆఫర్‌ని పక్కన పెట్టి కోర్టు వసూలుకి ఆర్డరివ్వొచ్చు. తాగొచ్చి కొట్టడం కంటే తగిన కారణం ఏం కావాలి? కాపురానికి రమ్మని డిక్రీ తెచ్చుకున్నా కూడా, ఆమె వెళ్లకపోవడానికి సరైన కారణం ఉంటే మనోవర్తి ఆగదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు చేయకూడనిది ఒక్కటే, ఆ మెసేజ్‌కి కోపంగా "చచ్చినా రాను, నీ మొహం చూడను" అని తిరుగు జవాబు పెట్టడం. రేపు దాన్నే ప్రింటు తీసి కోర్టులో పెడతారు. "మీరు కొట్టడం వల్ల ప్రాణభయంతో వచ్చేశాను, కోర్టు చెప్పిన మనోవర్తి 14 నెలలుగా ఇవ్వలేదు, అది ఇవ్వండి" అని మర్యాదగా ఒక్క ముక్క పెట్టి ఊరుకోండి.

స్థలం విషయంలో విన్నమాట మీద ఉండకండి. సర్వే నంబరో డాక్యుమెంటు నంబరో తెలిస్తే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి, రిజిస్ట్రేషను శాఖ దగ్గర దొరుకుతుంది, ఎప్పుడు ఎవరి పేరుకి మారిందో అందులో ఉంటుంది. ఇంకా ఆయన పేరు మీదే ఉంటే ఈపీలో స్థలం జప్తు కోరండి. బకాయిని భూమి శిస్తు బాకీలాగా వసూలు చేయమని కలెక్టరుకి వారెంటు పంపే వీలు కూడా చట్టంలో ఉంది, జరిమానాలు వసూలు చేసే పద్ధతి అది. అన్న పేరుకి ఈ మధ్యే, అదీ డబ్బు తీసుకోకుండా గిఫ్టు డీడో దాన సెటిల్‌మెంటో రాసి ఉంటే, మీ మనోవర్తి హక్కుని ఎగ్గొట్టడానికే రాశాడని సవాలు చేసే దారి ఉంది. ఎప్పట్నుంచో అన్న పేరు మీదే ఉంటే ఆ ఆశ వదిలేసి జీతం మీద దృష్టి పెట్టండి.

లాయరు గారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు, రాజీ ప్రయత్నం చెడ్డది కాదు, కానీ పిటిషన్ వేసి మాట్లాడొచ్చుగా. రేపు వెళ్లి "ఏడాది గడువు దాటిపోతోందండీ, ఈ వారం వేస్తారా?" అని సూటిగా అడగండి. జవాబు మళ్లీ "చూద్దాం" అయితే కేసు కాగితాలు తీసుకుని కోర్టు ప్రాంగణంలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని పెట్టాలి, 1987 చట్టం 12వ సెక్షను అది, తెల్ల రేషన్ కార్డు ఉందా అని ఎవరైనా అడిగితే అక్కర్లేదని చెప్పండి. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఇంతకుముందు ఒకరిద్దరు ముస్లిం చెల్లెళ్లు మాకు ఇవి వర్తించవట కదా అని అడిగారు, వర్తిస్తాయి. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే 2024 జులై 10న సుప్రీంకోర్టు తేల్చింది, తలాక్ అయినా 125 కింద అడగొచ్చని.

పెద్దమనుషుల్లో మాట్లాడాల్సే వస్తే, లేదా లోక్ అదాలత్‌లో ఒకేసారి ఇంత అని తేల్చుకుందాం అంటే, తొందరపడకండి. లోక్ అదాలత్ అవార్డు (అక్కడ ఇచ్చే తీర్పు) మీద అప్పీలు ఉండదు. డబ్బు డీడీగా మీ చేతికి వచ్చాకే సంతకం, తర్వాతి తేదీల చెక్కులకి వద్దనండి. "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి, ఇకముందు నాకు గానీ నా కొడుక్కి గానీ ఏ హక్కూ లేదు" అని తెల్ల కాగితం మీద రాయించుకోవాలని చూస్తారు. బాబు హక్కు వదులుకోవడానికి అది మీది కాదు, వాడిది, ఆ ముక్క కొట్టేయించందే సంతకం పెట్టకండి. ఊళ్లో పరువు గిరువు అంటూ ఎవరైనా ఒత్తిడి చేస్తే, లాయరుకి చూపించి రేపు పెడతా అని లేచి వచ్చేయండి.

బాబుని మాత్రం చూపించండి. డబ్బు ఇవ్వకపోవడం వేరు, తండ్రిని చూడటం వేరు, కోర్టులు ఈ రెంటినీ కలిపి చూడవు, మీరు ఆపితే ఆయన బాకీ సంగతి పక్కకి పోయి మీ మొండితనం మీద వాదన నడుస్తుంది. తాగి వస్తే మాత్రం పంపనక్కర్లేదు, ఆ రోజే తేదీతో ఒక మెసేజ్ పెట్టి ఉంచండి. చూడటానికి వచ్చినప్పుడు రెండు వేలో మూడు వేలో చేతిలో పెడితే తీసుకోండి, తీసుకుని ఆయన గేటు దాటకముందే "ఫలానా నెల మనోవర్తి బకాయిలో 3,000 అందింది, మిగతాది ఇంకా రావాలి" అని వాట్సాప్ కొట్టండి, లేకపోతే రేపు కోర్టులో ఆ మూడు వేలే ముప్పై వేలవుతాయి. సైకిలు కొనిచ్చాను, పుట్టినరోజుకి బట్టలు కొన్నాను, అవి తగ్గించుకో అంటే, ఒప్పుకోవద్దు. అవి తండ్రిగా ఇష్టపడి కొన్నవి. కోర్టు ఇవ్వమన్నది డబ్బు, అది మీ అకౌంటులో పడాలి.